డర్కన్ల చేను

బ్యూట్, మోంటానా
15 సెప్టెంబరు 1957

విన్నీ రువాన్ గారికి,

నేనెవరో మీకు తెలియదు. మీ క్లూనా చర్చి ఫాదర్ గారికి రాస్తే ఆయన మీ పేరు చెప్పారు. నా పేరు లొరెట్టా రువాన్. ఇక్కడి బళ్ళో ముప్పై ఏళ్ళు పంతులమ్మగా చేసి మొన్న వేసవిలో దిగిపోయాను. పెళ్ళి చేసుకోలేదు. మా తాత ఆంథనీ రువాన్ మేయో జిల్లా క్లూనా నుంచి సముద్రం దాటి వచ్చి ఇక్కడి రాగి గనిలో చేరాడు. ఆయనకి మైకేల్ అని తమ్ముడుండేవాడని ఒక్కటే మాకు తెలుసు. ఆ మైకేల్ మనవరాలు మీరేనని ఫాదర్ గారు రాశారు. అంటే మీరు నాకు చెల్లెలి వరస. యాభై ఐదేళ్ళు వచ్చాక నాకో చెల్లెలు దొరికింది! ఉత్తరం చదివి వంటింట్లో ఒక్కదాన్నీ గట్టిగా నవ్వేశాను. పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగింది.

మా నాన్న ఒక్కడే కొడుకు, ఆయనా గనిలోనే పోయాడు. నాతో ఈ వైపు రువాన్ల పేరు ఆఖరు. అందుకే నాకింత ఆత్రం. తాత ఏ ఇంట్లో పుట్టాడు, ఆ ఇల్లు కూల్చేశాక గోడలేమైనా మిగిలాయా, ఆయన గురించి మీ వాళ్ళు ఏం చెప్పుకుంటారు, అన్నీ రాయండి. చిన్న సంగతైనా పరవాలేదు.

మీ అక్క వరస,
లొరెట్టా


క్లూనా, మేయో
2 అక్టోబరు 1957

లొరెట్టా అక్కా,

అక్కా అనేశాను, మీరేమీ అనుకోరుగా. అమెరికా తపాలా బిళ్ళ చూసి పోస్టాఫీసు పెగ్గీ మీ ఉత్తరాన్ని వెనకా ముందూ తిప్పి, కిటికీకి పట్టి చూసి, ఇంక లాభం లేదనుకుని నా చేతిలో పెట్టింది. అమ్మయ్యో, ఎంత దస్తూరీ! మా ఇంట్లో ఇంత ముచ్చటగా రాసినవాళ్ళు లేరు.

ఇక్కడ నేనూ, మా తమ్ముడి కొడుకు కోల్మనూ ఉంటాం. తమ్ముడూ మరదలూ పోయాక వాణ్ణి నేనే పెంచాను. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. ఎద్దులా పనిచేస్తాడు, నోట్లో మాట మాత్రం తవ్వితే గానీ రాదు. వాడికి పెళ్ళి కుదిరింది! రోడ్డవతల కొండవాలు మీదుంటారు డర్కన్లు. ఫెస్టస్ డర్కన్ కూతురు నూలా. ఈస్టర్ ముందు తపస్సు కాలంలో పెళ్ళిళ్ళు చెయ్యరుగా, అందుకని వచ్చే ఫిబ్రవరిలో, అది మొదలయ్యేలోపే ముహూర్తం. అబ్బో, ఈ పెళ్ళి కోసం నేను పడ్డ పాట్లు! పెళ్ళికూతురి మామ్మ సాబీనా ముసలిది పుట్టిందీ మెట్టిందీ డర్కన్లలోనే, ఎనభై దాటింది, కళ్ళు కనబడవు. ఆవిడ ఊ అంటే గానీ ఆ ఇంట్లో పిల్లి కూడా కదలదు. ఏళ్ళ తరబడి ఆ గుమ్మం తొక్కీ తొక్కీ ఊ అనిపించాను. మా నాన్న పోయినప్పుడు ఫెస్టస్ వచ్చి శవపేటికకి భుజం పట్టాడు. ఆ ఇంటి మనిషి మాకు భుజం పట్టడం అదే మొదలు. ఆ రోజే అనుకున్నాను, ఇంక మనకి మంచిరోజులొచ్చాయని. ఈ పెళ్ళొక్కటీ అయిపోతే నాకింకేమీ అక్కర్లేదు.

ఆంథనీ తాత గురించి అడిగారు. మా ఇంట్లో ఆయన మాట పెద్దగా రాదు. వెళ్ళినాయన వెళ్ళాడు, ఉన్నవాళ్ళం ఉన్నాం. ఆయన పుట్టిన ఇల్లు నేనిప్పుడుంటున్నదే. పొయ్యి అదే, కప్పు మాత్రం మార్చాం. మీ ఊళ్ళో చలి చాలా ఎక్కువటగా? ఊపిరితిత్తులు జాగ్రత్త.

చెల్లెలు,
విన్నీ


బ్యూట్
20 నవంబరు 1957

ప్రియమైన విన్నీ చెల్లీ,

అక్కా అన్నాక ఇంకా మీరేమిటి? నన్ను నువ్వు అను. కోల్మన్ పెళ్ళికి నా ఆశీస్సులు. నూలా అన్న పేరు ఎంత బాగుందో!

కానీ ఇల్లు అదేనంటావేం? కూల్చేశారుగా? మా తాత చెప్పిన కథ నీకు తెలియదా? మా ఇంట్లో ఆ కథ అందరికీ నోటికొచ్చు. రాస్తాను చూడు. 1879లో, క్రిస్మస్ ముందు వారం, శిస్తు కట్టలేదని దొర మనుషులూ పోలీసులూ వచ్చారు. మంచూ వానా కలిసి కొడుతోంది. బాలింత అమ్మని మంచంతో సహా మోసుకొచ్చి బురదలో దింపారు. ఉయ్యాల విసిరేస్తే దాని కొయ్య విరిగింది. పొయ్యిలో నీళ్ళు పోయబోతుంటే పిల్లల్లో ఒకళ్ళు చేతికందిన ఇనప కుండలో నిప్పులెత్తుకుని పొరుగింటికి పరిగెత్తారు, తాతముత్తాతల నాటి నిప్పు ఆరిపోకూడదని. ఇది చెప్పినప్పుడల్లా తాత ఏడ్చేవాడు. గనిలో కూలిన బండల కింద మనుషుల్ని లాగినవాడు, ఒక్క ఈ కథకే ఏడ్చేవాడు.

ఇక్కడి మనవాళ్ళ సంఘంలో ఆయన జెండా పట్టి ముందు నడిచేవాడు. రైతుల పక్షాన దొరల మీద ఉపన్యాసాలిచ్చేవాడు. నేను బళ్ళో పిల్లలకి ఏటా ఈ కథ చెప్పాను. ఇప్పుడు నాకొక కోరిక పుట్టింది. ఆ ఇల్లున్న చోట ఒక రాయి పాతిద్దాం, ఆయన పేరు చెక్కించి. వేసవిలో నేనే వస్తాను. ఆ చోటు ఫోటో ఒకటి తీసి పంపించు.

నీ అక్క,
లొరెట్టా


క్లూనా
8 డిసెంబరు 1957

లొరెట్టా అక్కా,

నీ ఉత్తరం చదివాను. నువ్వు నాకంటే పెద్దదానివి, చదువుకున్నదానివి, నీకు చెప్పేంతదాన్ని కాను. అయినా చెబుతున్నాను, రాయీ గీయీ ఏమీ వద్దు. ఫోటోలూ వద్దు. ఈ వేసవికి రావద్దు. ఎవరికీ ఏమీ రాయకు. ఫాదర్ గారికి కూడా వద్దు, ఆయనీ ఊరివాడు కాదు, ఆయనకేమీ తెలియదు.

ఎందుకని అడగకు. కొన్ని సంగతులు కాగితం మీద పెట్టేవి కావు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు చూడు, అలాంటిది. ముందు ఈ పెళ్ళి కానియ్యి. నూలా మా ఇంట్లో కాలు పెట్టాక, నువ్వడిగిందానికల్లా కూర్చుని జవాబు రాస్తాను. అంతవరకు ఆంథనీ తాతని పడుకున్న చోటే పడుకోనియ్యి, నీకు పుణ్యముంటుంది.

ఇక్కడ వానలు. కోల్మన్ గది గోడలకి సున్నం వేశాడు, నీలం రంగు కలిపి. నూలాకి ఇష్టమట! వెధవ, నాకెప్పుడైనా ఏ రంగిష్టమని అడిగాడా?

విన్నీ


బ్యూట్
30 డిసెంబరు 1957

విన్నీ,

నీ ఉత్తరం క్రిస్మస్ ముందు రోజు వచ్చింది. మంచి కానుకే పంపావు.

మా పక్కింటావిడది కూడా మీ వైపే. చదివి వినిపిస్తే ఏమందో తెలుసా? "పిచ్చిదానా, అమెరికా చుట్టం వస్తోందంటే అక్కడివాళ్ళు ముందు గట్లు చూసుకుంటారు. మీ తాత పెద్దకొడుకు. పొలంలో నువ్వు వాటా అడుగుతావని దాని భయం" అంది. నేను నమ్మనన్నాను. మళ్ళీ చదివాను. రావద్దు, ఫోటో వద్దు, ఎవరికీ రాయద్దు, పెళ్ళి కానియ్యి. ఇంకేమనుకోమంటావు?

విన్నీ, నాకు మీ రాళ్ళ నేల గజం కూడా అక్కర్లేదు. నాకిక్కడ ఇల్లుంది, పింఛనుంది. ఉన్నవాళ్ళకి లేకపోయినా నాకు మా తాత మీద గౌరవముంది. రోడ్డున పడి, సముద్రం దాటి, గని పొగలో చచ్చిన మనిషికి పుట్టిన ఊళ్ళో పేరుండొద్దంటావా? సొంత తమ్ముడి మనవరాలివి, నీ నోటితో ఎలా అన్నావు?

నువ్వు చెయ్యకపోతే నేనే చేసుకుంటాను. మీ జిల్లా పత్రికకి తాత కథంతా రాసి పంపాను, ఫోటోతో సహా. ఆయన్ని ఎరిగిన కుటుంబాలెవరైనా ఉంటే నాకు రాయమన్నాను. క్లూనాలో మంచివాళ్ళు ఒక్కళ్ళయినా ఉండకపోరు.

లొరెట్టా


క్లూనా
20 ఫిబ్రవరి 1958

లొరెట్టా అక్కా,

నిన్నటితో తపస్సు కాలం మొదలైంది. పెళ్ళి కాలేదు. ఇంక కాదు.

నీ కథ పెళ్ళి వారంలోనే పత్రికలో పడింది. నూలాయే కొనుక్కొచ్చింది. "మామ్మా, కోల్మన్ వాళ్ళ తాత గురించి పేపర్లో వేశారు!" అని సంబరంగా కూర్చుని సాబీనాకి చదివి వినిపించింది. పాపం ఆ పిల్లకేం తెలుసు. 'రువాన్లు మా చేను మింగారు' అని ఇంట్లో విని పెరిగింది గానీ, ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో ముసలిది ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

నేను వాకిట్లో ఉన్నాను. ఫెస్టస్ చెయ్యి పట్టుకుని సాబీనా రోడ్డు దాటి వస్తోంది. ఆవిడ మా వైపు రావడం నా జన్మలో చూడలేదు. నా పిచ్చి చూడు, పెళ్ళి మాటలకి వస్తోందనుకుని కుర్చీ దులిపాను. గడప దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. కుడి అరచెయ్యి విప్పి నా ముందు చాపింది. అడ్డంగా పాత కాలిన మచ్చ.

"ఆ నిప్పుల కుండ మోసింది నేను. మంచం మీద బురదలో దింపింది మా అమ్మని. మా చేను చూపించి ఇంక మీదేనని దొర అంటే మీరు పుచ్చుకున్నారు. సరే, ఆకలి కాలం, పోనీ అనుకున్నాను. పిల్లనిస్తానన్నాను. మా అమ్మ ఏడుపు కూడా పట్టుకుపోయి మీదని చెప్పుకున్నారటే?"

అంతే అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నీకు అర్థమైందా అక్కా? లేకపోతే విప్పి చెబుతాను, ఇంక దాచేదేముంది. ఆ రోజు రోడ్డున పడింది డర్కన్లు. మన ఇల్లు ఎవరూ కూల్చలేదు. సాబీనా తొమ్మిదేళ్ళ పిల్ల, నిప్పులు పట్టుకుని పరిగెత్తింది మన ఇంటికే. మన ముత్తవ్వ ఆ నిప్పుల్ని మన పొయ్యిలో కలుపుకుని, "మీకు గూడు దొరికిన రోజున వచ్చి తీసుకెళ్ళండి తల్లీ" అందట. మీ తాత పక్కనే నిలబడి అన్నీ చూశాడు. ఉయ్యాల కొయ్య విరగడం కూడా. దొర వెళ్ళగొట్టిన రైతు చేను ఎవరూ ముట్టుకోకూడదని ఊరంతా ఒక్కమాట మీదున్నారు. దున్నేవాడు దొరక్కపోతే దొరే దిగొస్తాడని. మరుసటి వసంతంలో మీ తాత వెళ్ళి ఆ చేను పట్టాడు.

ఊరు వెలివేసింది. కమ్మరి గుర్రానికి నాడా కొట్టలేదు. కొట్లో ఉప్పు అమ్మలేదు. చర్చిలో ఆయన కూర్చుంటే ఆ బల్ల మీదివాళ్ళు లేచిపోయేవారు. ఏడాది పైన భరించి, ఒకరోజు తమ్ముడికి కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళినాయన అక్కడ జెండాలు పట్టాడు. వెలి మాత్రం మాకు మిగిలింది. చేను కూడా. తిరిగి ఇచ్చెయ్యొచ్చుగా అంటావు. మా తాత ఇవ్వలేదు. మా నాన్నా ఇవ్వలేదు. ఎకరాలు తక్కువ, నోళ్ళు ఎక్కువ. ఊరు ఇవాళ్టికీ దాన్ని డర్కన్ల చేనే అంటుంది. మా తాత పోతే పేటిక మోయడానికి కొడుకులు తప్ప మనిషి రాలేదు. అందుకే ఫెస్టస్ భుజం పట్టాడని నీకంత గొప్పగా రాశాను. నూలా వస్తే ఆ చేను మళ్ళీ డర్కన్ల పిల్ల చేతికి వచ్చేది. ఎవరూ ఎవరికీ తలవంచక్కర్లేకుండా తీరిపోయేది. దానికోసం పడ్డాను అన్నేళ్ళూ.

నీకు ముందే చెప్పాల్సింది. నీ ఉత్తరం నిండా అంత ఆనందం కనబడితే నోరు రాలేదు. పైగా సిగ్గు. వాటా కోసమని నువ్వనుకున్నావు. అయ్యో రాత!

కోల్మన్ వెళ్ళి నూలాని అడిగాడు. "మామ్మ బతికుండగా వల్లకాదు, పోయాక అసలు వల్లకాదు" అందట. వాడు ఇంటికొచ్చి నీలం సున్నం మీద తెల్ల సున్నం వేస్తున్నాడు.

విన్నీ


బ్యూట్
12 మార్చి 1958

నా చిట్టి చెల్లీ,

మొదట నమ్మలేదు. నువ్వు అబద్ధాలాడుతున్నావని నాలుగు పేజీలు రాసి చింపేశాను. తర్వాత ఒక సంగతి తట్టింది. ఆ కథలో తాత ఏనాడూ "నేను" అనలేదు. "పిల్లల్లో ఒకళ్ళు" అనేవాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకి చదవడం నేర్పాను, అది నా చెవికి తగల్లేదు. మరి ఆ కన్నీళ్ళేమిటి విన్నీ? తను చేసిందానికి ఏడ్చాడా, ఆ కథ తనదేనని నిజంగా నమ్మేశాడా? అడగడానికి ఎవరున్నారు? నేను ఎవరినని చెప్పుకుని బతికానో ఆ మనిషిని కాదని యాభై ఐదేళ్ళకి తెలిసింది. సంఘం వాళ్ళు మొన్న తాత పటం కింద కొవ్వొత్తి పెడుతుంటే లేచి వచ్చేశాను.

నా తప్పు నేనే దిద్దుకుంటాను. పత్రికకి మళ్ళీ రాశాను. మొదటి కథ డర్కన్లదని, దాన్ని మా తాత తనదిగా చెప్పుకున్నాడని, వాళ్ళ చేను పట్టింది ఆయనేనని, ఏదీ దాచకుండా, పేర్లతో సహా రాశాను. ఇప్పుడైనా నిజం నలుగురికీ తెలియాలి. జూన్ ఓడకి టికెట్ తీసుకున్నాను. వచ్చి సాబీనా గారి కాళ్ళ మీద పడతాను. నూలాతో నేను మాట్లాడతాను. ఎలాగో సర్దుబాటు చేస్తాను చూడు. ధైర్యంగా ఉండు.

నీ అక్క,
లొరెట్టా


క్లూనా
27 ఏప్రిల్ 1958

లొరెట్టా రువాన్ గారికి,

మీ రెండో వ్యాసం కూడా వేశారు. ఇదివరకు మా సంగతి క్లూనాకే తెలుసు. ఇప్పుడు జిల్లా అంతా తెలుసు. కోల్మన్ కోవెంట్రీ వెళ్ళి కార్ల కర్మాగారంలో చేరాడు, ఎవరికీ తెలియని చోట బతుకుదామని. మేయో వాళ్ళుండే బసలో దిగాడు. వాళ్ళు వారం వారం ఆ పత్రిక తెప్పించుకుంటారట. రెండో వారానికల్లా వాడు బస మారాడు. నాకు నాలుగు ముక్కలు రాశాడు. మీ పేరెత్తలేదు, నా పేరూ ఎత్తలేదు.

సాబీనా ఈస్టర్ వెళ్ళాక పోయింది. శవజాగారానికి నన్నెవరూ పిలవలేదు. చావింటికి పిలుపేమిటి, పొరుగువాళ్ళెవరైనా వెళ్ళొచ్చు, ఎవరినీ గడపలో ఆపకూడదు, అది మా పద్ధతి. మధ్యాహ్నం పూట నల్ల శాలువా కప్పుకుని వెళ్ళాను. ఎవరూ ఆపలేదు. దారిచ్చారు. గది నిండా జనం, టీ కప్పులు, జపమాలలు. పేటిక పక్కన మోకరిల్లి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి గదిలో ఎవరూ లేరు. కప్పులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఆవిరి పోతోంది. అందరూ పెరట్లోకి వెళ్ళి నిలబడ్డారు. నేనూ, ఆవిడా మిగిలాం. ఆ మచ్చ ఉన్న చెయ్యి పైకే కనబడేలా పెట్టారు.

బయటికొస్తుంటే నూలా గోడ వైపు తిరిగింది. ఫెస్టస్ మర్యాదస్తుడు, గేటు దాకా వచ్చాడు. నాకు అంతకంటే వేరే సమయం దొరకదనిపించింది. "అన్నా, ఆ చేను తీసుకో. కాగితాల మీద రాసిస్తాను. పెళ్ళి ఊసు ఎత్తను. ఊరికే తీసుకో" అన్నాను. మా తాత చెయ్యని పని, మా నాన్న చెయ్యని పని, నేను చేస్తానన్నాను. ఫెస్టస్ నా కోసం గేటు తీసి పట్టుకున్నాడు.

"వద్దమ్మా. మీరే ఉంచుకోండి. అది మీ దగ్గరుంటేనే అందరికీ కనబడుతుంది" అన్నాడు. టోపీ తీసి, దణ్ణం పెట్టి లోపలికెళ్ళిపోయాడు.

మీరు రావద్దు. ఇది కోపంతో రాయడం లేదు, కోపం కూడా అయిపోయింది. మీరొస్తే ఆవిడ సమాధి దగ్గర ఏడుస్తారు, మీ మనసు తేలికపడుతుంది, మళ్ళీ ఓడెక్కుతారు. మీకు ఎక్కడానికి ఓడుంది. నేను ఆదివారం అదే చర్చికి వెళ్ళాలి. మొన్న నేను కూర్చున్న బల్ల మీదివాళ్ళు లేచి వెనక్కి వెళ్ళారు, చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని చూసినట్టే.

ఇంక ఉత్తరాలు రాయకండి. వచ్చినా విప్పను. బంగాళాదుంపలు వేసే అదను దాటిపోతోంది, ఆ చేనులో పనికి ఎవరూ రామన్నారు. పొద్దున్నుంచి నేనొక్కదాన్నే వేస్తున్నాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసి వెళ్తున్నారు.

విన్నీ రువాన్